నాలుగో మూల

ముందే చెప్తున్నాను... ఇది ఎవరో చెప్పగా విన్నది కాదు. నాకు జరిగింది. ఆ సమయంలో నా రెండు చేతులూ ఆ కాగితం మీదే ఉన్నాయి. ఇవిగో, ఈ చేతులే. ఇందులో ఒక్క ముక్క కల్పించినా, రేపు పొద్దున ఈ చేతులతో నా బిడ్డకు జడ వేసే రాత నాకు లేకుండా పోవాలి. అంతకన్నా పెద్ద ఒట్టు నా దగ్గర లేదు.

నవ్వుతారని తెలుసు. నవ్వండి. పగటిపూట నేనూ నవ్వుతాను. కానీ రాత్రి కరెంటు పోయి, వాన చప్పుడు ఒక్కటే మిగిలినప్పుడు... నాకు నవ్వు రాదు.

నా పేరు రేణుక. మాది చివ్వెంల దగ్గర ఊరు. తాతల నుంచీ మా ఇంట్లో గొర్రెలే. సివిల్ డిప్లొమా చేసి, సూర్యాపేటలో రోడ్లు, తూములు, మంచినీళ్ళ పైపులు చూసే ఒక ఇంజనీరింగు ఆఫీసులో టెక్నికల్ అసిస్టెంటుగా చేరాను. తీసుకెళ్ళి రికార్డు రూములో వేశారు. మొదట్లో ఏడుపొచ్చింది. నాతో చదివినవాళ్ళు హెల్మెట్లు పెట్టుకుని సైట్ల మీద ఫొటోలు దిగుతుంటే, నేను దుమ్ములో తుమ్ముతూ కూచున్నాను.

ఆ ఏడుపు మాన్పించింది సలోమి మేడం.

ఆమె మా ఆఫీసులో టెక్నికల్ రికార్డుల సూపర్వైజరు. హుజూర్‌నగర్ నుంచి రోజూ బస్సులో వచ్చేవారు. నూలు చీర, మెడలో దారానికి వేలాడే కళ్ళజోడు, చేతిలో టిఫిను సంచి. గొంతు పెంచి మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. రికార్డులంటే నేను ఫైళ్ళనుకున్నాను. ఒక రోజు ఆమె పెద్ద డ్రాయింగు ఒకటి విప్పి నా ముందు పరిచి, "ఇది సూడు రేణుకా. ఈ రోడ్డు మీద నువ్వు రోజు బండేసుకొని వస్తవ్ గదా. దాని కింద ఏమున్నదో నీకు కనపడదు. గీడ కనపడతది" అన్నారు.

కనపడింది. నేను రోజూ తిరిగే రోడ్డు కింద పైపులు, తూములు, ఎప్పుడో పూడ్చేసిన కాలువ... అన్నీ ఊదారంగు గీతల్లో. ఒళ్ళు జలదరించింది. ఆ రోజు నుంచి నాకు సైటు మీద పోస్టింగు కావాలన్న కోరిక పోయింది.

జిల్లాలు విడిపోయినప్పుడు ఎక్కడి కాగితాలు ఎక్కడికి చేరాయో ఎవరికీ తెలియలేదట. కోదాడవి మిర్యాలగూడకు పోయాయి. మిర్యాలగూడవి మాకు వచ్చాయి. ఎవరూ పట్టించుకోలేదు. ఈమె పట్టించుకున్నారు. మిర్యాలగూడలో ఒక గోదాములో సిమెంటు సంచుల వెనక తడిసి అంటుకుపోయిన చుట్టలను వెతికి పట్టుకున్నారు. ఒక్కొక్కటీ విప్పి, నీడలో ఆరబెట్టి, మెత్తటి గుడ్డతో తుడిచి తెచ్చారు. నీడలోనే ఎందుకంటే, అవి అమ్మోనియా ప్రింట్లు. పెద్ద కాగితాలకు జిరాక్సు లేని రోజుల్లో డ్రాయింగులను అమ్మోనియా ఆవిరితో నకలు తీసేవాళ్ళు. కళ్ళు మండే ఘాటు. ఎండ తగిలితే ఆ గీతలు వెలిసిపోతాయి. ఇవన్నీ ఆమె చెబితేనే నాకు తెలిసింది.

సూర్యాపేట డ్రాయింగులు, మిర్యాలగూడవి కంప్యూటర్లోకి ఎక్కించాం. కోదాడవి ఇంకా మొదలుపెట్టలేదు. సరిగ్గా అప్పుడే వచ్చింది ఆ వాన.

రెండు రోజులు. ఆకాశానికి చిల్లు పడ్డట్టు ఒకటే కుండపోత. వాగులన్నీ రోడ్ల మీదికి వచ్చాయి. ఆఫీసర్లంతా సైట్లకు పోయారు. ఎప్పుడు ఏ డ్రాయింగు కావాల్సి వస్తుందోనని మేడం, నేను ఆఫీసులోనే ఉండిపోయాం. హుజూర్‌నగర్ బస్సులు ఎలాగూ ఆగిపోయాయి. నా బిడ్డ మా అమ్మ దగ్గరుంది. ముందు బిల్డింగుకు జనరేటరు ఉంది. ఆ వెలుతురులో బిస్కెట్లు తింటూ, ఫోన్లు ఎత్తుతూ కూచున్నాం.

ఊరంతా పడుకున్న వేళ మేడం ఫోను మోగింది.

"మేడం, నేను కృష్ణమోహన్నండి. కోదాడ ఏఈని." గొంతు వెనక వాన హోరు, ఇంజను మోత. "హుజూర్‌నగర్ రోడ్డులో ఉన్నానండి. వాగు రోడ్డుకి అడ్డం తిరిగి ఆగిపోయింది. కింద తూము పూడిపోయినట్టుంది. దాని నోరెక్కడుందో కనపడటల్లేదండి, అంతా నీళ్ళే."

"రోడ్డుకు దిగువకు ఏమున్నది సార్?" మేడం అడిగారు.

"గొర్రెలోళ్ళ ఇళ్ళండి. రోడ్డు తెగిందంటే నీళ్ళు సరాసరి వాళ్ళ మీదకే. లేపి గట్టు మీదకి పంపుతున్నాం గానీ ముసలోళ్ళున్నారు, నిన్నా మొన్నా ఈనిన గొర్రెలున్నాయి. వదిలి రామంటున్నారు. జేసీబీ రెడీగా ఉందండి. తూము నోరు ఎక్కడో చెప్తే అక్కడ తవ్వి తెరుస్తాం. తప్పు చోట తవ్వితే మాత్రం... మేమే రోడ్డు తెంపినట్టవుద్ది."

గొర్రెలోళ్ళు అనగానే... మా అమ్మ గుర్తొచ్చింది. మా దొడ్డి గుర్తొచ్చింది. ఈనిన గొర్రెను వదిలి మా అమ్మ కూడా రాదు.

"డ్రాయింగు జూసి చెప్త. లైన్లనే ఉండుండ్రి సార్" అని, తూము నంబరు అడిగి తెలుసుకుని మేడం లేచారు. టేబుల్ సొరుగులోంచి టార్చి తీశారు. నా ఫోను చార్జింగులో ఉంది, చచ్చిపోయి. అక్కడే వదిలేశాను.

రికార్డు రూము వెనక ఆవరణలో ఉంటుంది. పాత బిల్డింగు. జనరేటరు లైను దానికి లేదు. వరండాలో వాచ్‌మన్ లింగయ్య తాళంచెవి ఇస్తూ మా ఇద్దరి మొహాలు చూశాడు.

"గిప్పుడు గా గదిలకు పోతరా అమ్మా? గాడ కరెంటు లేదు. జర తెల్లారినంక పోరాదుండ్రి."

"తెల్లారేదాంక వాగు ఆగదు లింగన్నా" అన్నారు మేడం. అంతే. గొడుగు విప్పి వానలోకి దిగారు. నేను ఆమె కొంగు పట్టుకున్నంత దగ్గరగా నడిచాను.

తాళం తీశాం. తలుపు తోశాం.

లోపల... ఎప్పుడూ వచ్చే వాసన రాలేదు.

ఆ గది వాసన నాకు తెలుసు. పాత కాగితం, కలరా ఉండలు, కాస్త తేమ. రోజూ పీల్చే వాసన. ఆ రాత్రి అది లేదు. దాని బదులు ముక్కు చీల్చే ఘాటు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దగ్గొచ్చింది.

మేడం గడప మీదే ఆగారు. ఒక్క క్షణం.

"అమ్మోనియా..." అన్నారు. నాతో అన్నట్టు లేదు. తనలో తను అనుకున్నట్టు.

"ఏందిది మేడం? మన కాడ అమ్మోనియా ఎక్కడిది?"

ఆమె చెవి దగ్గర ఫోన్లో కృష్ణమోహన్ "మేడం... మేడం... ఉన్నారా అండీ" అంటున్నాడు. ఆమె లోపలికి అడుగు పెట్టారు. నేనూ పెట్టాను. ధైర్యంతో కాదు. బయట ఒంటరిగా నిలబడే ధైర్యం లేక.

ర్యాకుల మధ్య సందు సన్నగా ఉంటుంది. టార్చి వెలుగు ముందు, ఆమె వెనక, ఆ వెనక నేను. పైకప్పు మీద వాన... దబదబ. మా చెప్పుల కింద నీళ్ళు... చప్ చప్. ఇంకేమీ లేదు. అయినా ఆ గదిలో ఎవరో పని చేసుకుంటున్నారు, మేమే అడ్డం వచ్చాం అనిపించింది. ఎలా చెప్పను... టీచరు లెక్క చేస్తుంటే క్లాసులోకి ఆలస్యంగా వెళ్ళినట్టు. అలాంటి నిశ్శబ్దం.

కోదాడ ర్యాకు చివర ఉంది. మేడం ఆగారు. వెతకలేదు. నిజంగా వెతకలేదు. టార్చి ర్యాకు మీద పెట్టి, చెయ్యి చాపి, వరసలో ఉన్న రేకు గొట్టాల్లోంచి ఒకదాన్ని పట్టుకుని గుంజారు. చీటీ మీద హుజూర్‌నగర్ రోడ్డు, ఆ తూము నంబరు. వేలకొద్దీ చుట్టల్లోంచి, చీకట్లో, చెవి దగ్గర ఒక మనిషి అరుస్తుంటే! ఇప్పటికీ తలుచుకుంటే ఆమెకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

గొట్టం మూత నేను తీశాను. చుట్ట బయటికి లాగాం. నాలుగడుగుల దూరంలో పెద్ద టేబుల్. దాని మీద పరిచాం.

ఇక్కడ నిదానంగా వినండి.

ఏళ్ళ తరబడి చుట్టి పెట్టిన డ్రాయింగు మామూలుగా పరుచుకోదు. వదిలితే చాప చుట్టుకున్నట్టు చుట్టుకుపోతుంది. నాలుగు మూలలా నలుగురు పట్టుకోవాలి, లేదా బరువులు పెట్టాలి. బరువులు వెతికే టైం లేదు. ఇటువైపు రెండు మూలలు నేను రెండు అరచేతులతో అదిమాను. అటువైపు ఎడమ మూల మేడం కుడిచెయ్యి కింద ఉంది. ఆమె ఎడమచేతిలో ఫోను, చెవి దగ్గర.

నాలుగో మూల... ఖాళీ. అది చుట్టుకుపోయే ఉంది. సగం అరచేతి వెడల్పున లోపలికి ముడుచుకుని. దాని గురించి మేము ఆలోచించలేదు. తూము బొమ్మ కాగితం మధ్యలో స్పష్టంగా కనిపిస్తోంది. అది చాలు.

మేడం వంగి చూశారు. "దొరికింది సార్" అన్నారు ఫోన్లో. "అక్కడ కిలోమీటరు రాయి ఉన్నదా?"

"ఉందండి, నా పక్కనే ఉంది."

"రాయికి కోదాడ దిక్కు..."

అప్పుడు వినిపించింది.

సర్... ర్... ర్...

మెల్లగా. చాలా మెల్లగా. కాగితం మీద ఎవరో అరచెయ్యి పెట్టి, ముడత సవరిస్తూ, బయటికి జరిపినట్టు. ముడుచుకుని ఉన్న ఆ నాలుగో మూల విచ్చుకుంది. ఒక్కసారిగా కాదు. మధ్యలో ఒకసారి ఆగింది. మళ్ళీ జరిగింది. చివరిదాకా విచ్చుకుని... టేబుల్‌కు అతుక్కున్నట్టు పడుకుంది.

పడుకునే ఉంది.

నా రెండు అరచేతుల కిందా కాగితం పైకి తన్నుతోంది. వదిలితే చుట్టుకుపోతానన్నట్టు గింజుకుంటోంది. ఆ జోరు నాకు చేతుల్లో తెలుస్తోంది. మేడం వేళ్ళు కూడా గట్టిగా అదిమి తెల్లబడ్డాయి. కానీ ఆ నాలుగో మూల మీద ఏమీ లేదు. చెయ్యి లేదు. బరువు లేదు. గాలి కూడా లేదు. అది కదలడం లేదు.

ఘాటు ఒక్కసారిగా పెరిగింది. నా కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోవడానికి చెయ్యి తీయలేను.

మేడం కూడా ఆ మూలనే చూస్తున్నారు. ఆమె చెంప మీద ఒక నరం కొట్టుకుంటోంది.

"కోదాడ వైపేనా అండీ?" ఫోన్లో కృష్ణమోహన్. "మేడం, బకెట్టు దించమంటారా?"

మేడం తల కొంచెం వంచారు. ఆ మూల దగ్గరికి. ఇంకొంచెం. నేనైతే చచ్చినా వంగేదాన్ని కాదు. ఆమె వంగారు... కళ్ళు చిట్లించి... ఆ మూలలో ఉన్నది చదివారు.

చిన్న అక్షరాలు. పెన్సిలుతో. ముడుచుకుని ఉంటే ఎవరికీ కనిపించనివి.

"ఆగుండ్రి సార్! తవ్వకుండ్రి!"

ఆమె గొంతు పెంచగా విన్నది ఆ ఒక్కసారే.

"ఈ డ్రాయింగు రద్దయింది. దీని మీద రాసున్నది. పని జేసేటప్పుడు మార్చిన్రు. సవరించిన షీటు వేరే ఉన్నది. నేను చెప్పేదాంక ఎవరూ గడ్డపార గూడ పెట్టొద్దు."

"మేడం, నీళ్ళు పెరుగుతున్నాయండి!"

"పెరగనియ్యి సార్. తప్పు చోట మాత్రం తవ్వొద్దు."

ఆమె చెయ్యి తీశారు. నేనూ తీశాను. కాగితం ఫట్టున చుట్టుకుపోయింది. మూడు మూలలూ ముందు... నాలుగోది చివర. నేను చూశాను. నాలుగోది ఒక్క క్షణం ఆలస్యంగా.

"రేణుకా, ఫోన్ పట్టుకో. స్పీకర్ పెట్టు. దాని లైట్ వెయ్యి." మామూలు గొంతు. రోజూ టీ చెప్పించే గొంతు. ఆ గొంతు లేకపోతే నేను అక్కడే కూలబడేదాన్ని.

సవరించిన షీట్లు మ్యాపుల బీరువాలో ఉంటాయి. వెడల్పు సొరుగులు, పరుపంత. ఇద్దరం కలిసి గుంజితే తప్ప రావు. గుంజాం. నేను లైటు పట్టుకుంటే ఆమె షీట్లు ఒక్కొక్కటే తిప్పారు. నా చేతిలో వెలుగు గోడల మీద గంతులేస్తోంది. "నిమ్మలంగ" అన్నారు ఆమె, తల తిప్పకుండా. "నిమ్మలంగ పట్టుకో బిడ్డా. నేనున్న."

దొరికింది.

దొరకగానే చెప్పేయొచ్చు కదా? చెప్పలేదు. కృష్ణమోహన్ అరుస్తున్నాడు. వెనక ఎవరో ఆడమనిషి ఏడుపు వినిపిస్తోంది. నాకు కాళ్ళు ఆగడం లేదు. ఆమె మాత్రం షీటు నంబరు చూశారు. మూలనున్న సంతకం చూశారు. పని పూర్తయ్యాక గీసినదా, ముందు గీసినదా అని చూశారు. అప్పుడు ఫోన్లో అడిగారు.

"సార్, రాయికి హుజూర్‌నగర్ దిక్కు పోండ్రి. రోడ్డు అంచుకు పాత రాతిగోడ ముక్క ఒకటి ఉండాలె. చెట్లు కప్పేసి ఉండొచ్చు. టార్చి కొట్టి సూడుండ్రి."

వాన హోరు. అడుగుల చప్పుడు. ఎవరో కొమ్మలు విరుస్తున్న చప్పుడు.

"ఉందండి! ఉంది మేడం, రాతిగోడ!"

"దాన్ని ఆనుకొనే తూము నోరు. అక్కడ తవ్వుండ్రి. ఇందాక నేను చెప్పబోయిన కోదాడ దిక్కున మంచినీళ్ళ పెద్ద పైపు పోతున్నది. దాని జోలికి పోకుండ్రి."

ఆ తర్వాత ఎంతసేపో తెలియదు. మేము ఆ చీకట్లోనే నిలబడి విన్నాం. జేసీబీ మూలుగు. మట్టి. అరుపులు. మళ్ళీ మూలుగు. తర్వాత... ఒక పెద్ద హోరు. రోడ్డు తెగిందనుకున్నాను.

"పోతన్నాయండీ!" కృష్ణమోహన్ గొంతు పగిలింది. నవ్వో ఏడుపో తెలియలేదు. "తూములోంచే పోతన్నాయి మేడం! వాగులోకి దిగిపోతన్నాయి. ఇళ్ళకి ఏం కాలేదు. మేడం, మీకు దణ్ణవండి..."

మేడం గోడకు ఆనుకున్నారు. కళ్ళు మూసుకున్నారు. పెదాలు కదిలాయి, ప్రార్థన చేసుకున్నారనుకుంటాను.

ఇక బయటపడదాం అని నేను తలుపు వైపు దాదాపు పరుగెత్తాను. వరండాలోకి వచ్చి తిరిగి చూస్తే ఆమె నా వెనక లేరు.

"మేడం!"

"షీట్లు బయటనే ఉన్నయి గదా. పెట్టి వస్త."

"రేపు పెడదాం మేడం! మీకు దండం పెడత, రాండ్రి!"

"రేపు పొద్దుగాల ఇంకెవరన్న అడిగితే ఎక్కడ దేవులాడతం? నువ్వు గాడనే ఉండు."

ఫోను లైటు పట్టుకుని ఆమె ఒక్కరే వెనక్కి వెళ్ళారు. ఆ గదిలోకి. ఆ వాసనలోకి. నేను గడప ఇవతల నిలబడి ఆ చిన్న వెలుగు ర్యాకుల మధ్య పోవడం చూశాను. సొరుగు మూసిన చప్పుడు. గొట్టంలోకి చుట్ట జారిన చప్పుడు. మూత బిగించిన చప్పుడు. ఒక్కటీ హడావుడిగా లేదు.

నాకు లోకంలో చాలామంది ధైర్యవంతులు తెలుసు. పామును చేత్తో పట్టుకునేవాళ్ళు మా ఊళ్ళోనే ఉన్నారు. కానీ ఆ రాత్రి సలోమి మేడం వెనక్కి నడిచిన ఆ నడక... అలాంటి ధైర్యం నేను ఇంకెక్కడా చూడలేదు.

తిరిగి వచ్చినప్పుడు ఆమె చేతిలో టార్చి ఉంది. దాన్నే చూసుకుంటూ వచ్చారు.

"రేణుకా, ఇది ర్యాక్ మీద ఎవరు పెట్టిన్రు?"

"మీరే మేడం. గొట్టం గుంజేటప్పుడు."

"ఆర్పి పెట్టిననా?"

"యాదికి లేదు."

"ఆర్పే ఉన్నది." బొత్తాం నొక్కారు. వెలిగింది. మళ్ళీ నొక్కారు. ఆరింది. గట్టి బొత్తాం అది, దానంతట అది జారేది కాదు. ఆమె నా మొహంలోకి చూశారు.

"మరి టేబుల్ కాడ..." అని ఆగిపోయారు.

నాకు అప్పుడు వెలిగింది. ఆమె ఒక చేతిలో కాగితం, ఒక చేతిలో ఫోను, చెవికి ఆనించి. ఫోను లైటు నేను తర్వాత వేశాను. టార్చి ర్యాకు మీద ఆరిపోయి ఉంది. మరి ఆ పెన్సిలు అక్షరాలు... ఊదా గీతలు... మేము దేని వెలుగులో చూశాం? వెలుగు ఉంది. నేను చూశాను. కాగితం మీద నిలకడగా పడుతోంది. ఎవరు పట్టుకున్నారని నేను అడగనే లేదు, అంత మామూలుగా ఉంది అది.

వర్షం తగ్గాక లింగయ్య టీ కాచి ఇచ్చాడు. నేను ఆగలేక వాసన సంగతి చెప్పాను. అతను గ్లాసు కింద పెట్టేశాడు.

"అమ్మోనియా మిషిని గా గదిలనే ఉండెనమ్మా, నేను కొత్తగ వచ్చినప్పుడు. పాత సామాన్లల్ల అమ్మేసిన్రు. దాని మీద పని జేసిన సారు గూడ... ఇప్పుడు లేడు."

"గబ్బిలాలున్నా గట్లనే వాసనొస్తది లింగన్నా" అన్నారు మేడం, మెత్తగా. లింగయ్య గ్లాసు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

పొద్దున వెలుతురులో నేను ఆ గదికి వెళ్ళాను. తలుపులు బార్లా తీసి వెళ్ళాను. కలరా ఉండల వాసనే ఉంది, ఎప్పటిలాగే. కోదాడ గొట్టం తీసి డ్రాయింగు అదే టేబుల్ మీద పరిచాను. మూడు మూలలకు బరువులు పెట్టి నాలుగోది వదిలాను. చుట్టుకుపోయింది. మళ్ళీ సాపు చేసి వదిలాను. మళ్ళీ చుట్టుకుపోయింది. కాస్త తడి చెయ్యితో రుద్ది కూడా చూశాను. ఆగలేదు. పైన చూరులో గబ్బిలాల కోసం వెతికాను. కనిపించలేదు. పగలు కనిపించకుండా ఎక్కడో దాక్కున్నాయేమో, అదీ చెప్పలేను. ముందు బిల్డింగు జనరేటరు వెలుతురు వెంటిలేటరు నుంచి పడిందేమోనని కూడా చూశాను. పడొచ్చు. కొద్దిగా. కానీ ఆ టేబుల్ దాకా వస్తుందా... నాకు నమ్మకం కుదరలేదు.

మేడంను అడగడానికి చాలా రోజులు పట్టింది. మిర్యాలగూడలో మిగిలిన కట్టలు సర్ది, రాత్రి బస్సులో తిరిగి వస్తున్నాం. మాడుగులపల్లి దాటాం. బస్సులో లైట్లు తీసేశారు. కిటికీ బయట పొలాలు, నీళ్ళు, చీకటి. ఆ చీకట్లో ఆమె మొహం కనిపించదు కాబట్టి అడిగాను.

"మేడం... ఆ రాత్రి అదేంది?"

ఆమె పడుకున్నారేమో అనుకున్నాను.

"వానకు కాగితం మెత్తబడతది. అనుకోకుంట సాపైతది" అన్నారు చివరికి.

"మిగిలిన మూడు మూలలు మెత్తబడలే గదా మేడం."

"అవు. పడలే."

"మీకు భయం కాలేదా?"

"ఎందుకు గాలే? కాళ్ళు ఒణికినయ్. వెనక్కి మళ్ళ పోయినప్పుడైతే నోరెండిపోయింది. కాని అవతల ఆ సారు లైన్ల ఉన్నడు. ఏడ్పులు వినపడుతున్నయ్. మనం భయపడుకుంట కూసుంటే ఎట్ల?"

బస్సు ఒక గుంతలో పడి లేచింది. ఆమె సంచి ఒళ్ళోకి లాక్కున్నారు.

"నేను గుడికి... అదే, చర్చికి పోయేదాన్ని. దయ్యాలు గియ్యాలు నేను నమ్మ రేణుకా. ఆ రాత్రి మన పక్కన ఎవరన్న ఉన్నరా అంటే... ఉన్నరని అనలేను. లేరనీ అనలేను." తర్వాత చాలా మెల్లగా అన్నారు. "ఉంటె మాత్రం... పని తెలిసిన మనిషే."

ఆ తర్వాత ఆమె తల కిటికీకి ఆనించి నిజంగానే నిద్రపోయారు. నాకు నిద్ర రాలేదు. సూర్యాపేట దీపాలు కనిపించేదాకా నా రెండు అరచేతులనూ ఒళ్ళో పెట్టుకుని చూస్తూ కూచున్నాను. మా ఇద్దరి చేతులు కాక అక్కడ ఇంకో చెయ్యి ఉందా... లేక వానకూ భయానికీ నా కళ్ళు నన్ను మోసం చేశాయా... నాకు ఇప్పటికీ తెలియదు.